పంచింగ్ పనికి తగని అమ్మాయి

మా మనవరాలి ఇల్లు ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో. ఆదివారాలు అక్కడికి తెలుగు పిల్లలు కొందరు వస్తుంటారు. కంప్యూటర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు, చేరబోయేవాళ్లు. నేనూ ఒకప్పుడు ఆ పనే చేశానని తెలిసి, ఎలాంటి స్వభావానికి ఏ పని సరిపోతుందో చెప్పమంటారు. దానికి వాళ్ల ఫోనుల్లో పరీక్షలున్నాయట. నాలుగు ప్రశ్నలకు జవాబు నొక్కితే నువ్వు ఫలానా రకం మనిషివి, ఫలానా పని చెయ్యి అని వస్తుందట. నోటితో చెబితే సగం నా మాట వింటారు, సగం ఫోను చూసుకుంటారు. అందుకే రాస్తున్నాను.

నేను చదివింది ఎనిమిదో తరగతి. మావారు సైన్యంలో, స్టోర్స్‌లో పనిచేసేవారు. పెళ్లయ్యాక ఢిల్లీ కంటోన్మెంటుకు వచ్చాను. అక్కడి మహిళా కేంద్రంలో టైపు ఉచితంగా నేర్పుతుంటే, ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడమెందుకని చేరాను. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు రాదు. డెబ్బయ్యో దశకం మొదట్లో ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్‌కు అంతే కావలసి వచ్చింది. పంచ్ ఆపరేటర్‌గా చేరాను, తరవాత ఆ సెక్షన్‌కు సూపర్‌వైజర్‌నయ్యాను. ఎప్పుడయ్యాను, ఎలా అయ్యాను అన్నది మీకు అక్కర్లేదు. సెంటర్ పేరూ అక్కర్లేదు, అదిప్పుడు లేదు.

అప్పటి పని మీరు చూసి ఉండరు కాబట్టి చెబుతాను. మా ముందు తెర ఉండేది కాదు. దళసరి కాగితపు కార్డు ఉండేది. ఎవరో నింపిన ఫారం పక్కన పెట్టుకుని ఒక అమ్మాయి మీటలు నొక్కుతుంటే కార్డులో చిల్లులు పడేవి. ఆ చిల్లులనే కంప్యూటర్ చదువుతుంది. కానీ పంచ్ చేసిన కార్డు నేరుగా కంప్యూటర్ గదికి పోదు. అదే ఫారం, అదే కార్డు ఇంకో అమ్మాయి దగ్గరికి వెళతాయి. ఆమె వెరిఫైయర్ అనే మెషీన్ మీద అదంతా మళ్లీ కొడుతుంది. ఆమె నొక్కిన మీటా కార్డులోని చిల్లూ కలిస్తే మెషీన్ ముందుకు పోతుంది. కలవకపోతే ఆగిపోయి ఎర్రదీపం వెలుగుతుంది. అంతా సరిపోయిన కార్డుకు అంచున చిన్న గాటు పడుతుంది. ఈ ఏర్పాటంతా ఒకే నమ్మకం మీద నడిచేది. ఇద్దరు మనుషులు ఒకే చోట ఒకే తప్పు చెయ్యరని.

ఎవరు దేనికి

పంచింగ్‌కు నెమ్మదస్తురాలైన అమ్మాయి, మాటకు ఎదురుచెప్పని అమ్మాయి కావాలని అందరూ అనుకునేవారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. అది తప్పని వనజను చూశాక తెలిసింది. వనజది గుంటూరు. పొద్దున కుర్చీలో కూర్చున్నప్పటినుంచి సాయంత్రం బస్సెక్కేదాకా నోరు ఆగేది కాదు. అత్తగారి సంగతులు, పాలవాడి సంగతులు, పక్కింటివాళ్ల పెళ్లి సంగతులు. కార్డులు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉండేవి. మనసు అత్తగారి మీద ఉండబట్టి వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. పంచింగ్‌కు కావలసింది అదే. కన్ను చూసింది వేలు కొట్టాలి, మధ్యలో బుర్ర దూరకూడదు.

వెరిఫైయర్ దగ్గర వేరే రకం కావాలి. గుర్మీత్ అని పంజాబీ అమ్మాయి ఉండేది. బజారులో కూరగాయలవాడి తక్కెడ కిందికి వంగి చూసే మనిషి. వాడు మంచివాడైనా చూస్తుంది. ఎవరినీ నమ్మదు, ఎవరి మీదా కోపమూ ఉండదు. అలాంటివాళ్లను వెరిఫైయర్ ముందు కూర్చోబెడితే నేను నిశ్చింతగా ఇంటికెళ్లేదాన్ని.

కొత్తగా వచ్చినవాళ్లకు నేనొక పరీక్ష పెట్టేదాన్ని. ఫారంలో ఢిల్లీ స్పెల్లింగు కావాలనే తప్పు రాసి ఇచ్చేదాన్ని. ఉన్నది ఉన్నట్టు కొడితే పాస్. దిద్ది కొడితే ఆ కార్డు చేతిలో పెట్టి చీవాట్లు వేసేదాన్ని. కార్డు దండగైనందుకు కూడా. పాడైన కార్డులను పారెయ్యనిచ్చేదాన్ని కాదు. వెనకవైపు సరుకుల చీటీ రాసుకోవడానికి మా ఇంట్లో ఇంకో కాగితం కొన్న గుర్తు లేదు.

సుగుణ అనే అమ్మాయి వచ్చినప్పుడు కూడా అదే పరీక్ష పెట్టాను. వాళ్ల నాన్న కంటోన్మెంటులోనే సుబేదారు, మాది, వాళ్లది ఒకే లైను. పుట్టింది ఏలూరు అయినా పెరిగిందంతా ఢిల్లీ. తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేది. తప్పు స్పెల్లింగు ఉన్నది ఉన్నట్టే కొట్టింది. పాస్ అన్నాను. కుర్చీలోంచి లేవలేదు. "దీదీ, ఇది గలత్ కదా. మరి దీన్ని ఎవరు సరిచేస్తారు?" అని అడిగింది. అది మన పని కాదన్నాను. "అచ్ఛా" అంది గాని, నచ్చలేదని మొహంలో కనబడింది.

భాటియా సాహెబ్ కాగితం

మా మేనేజరు భాటియా సాహెబ్ మంచివాడు. కంప్యూటర్ గదిని చల్లగా ఉంచాలి గాని పంచ్ గదిలో ఆడపిల్లల వేళ్లు కొంకర్లు పోకూడదని యాజమాన్యంతో కొట్లాడి చలికాలానికి హీటర్ తెప్పించాడు. కొత్త విషయాలంటే ఆయనకు మోజు. ఏదో శిక్షణకు వెళ్లి, మనుషుల స్వభావాన్ని నాలుగు రకాలుగా విడదీసే ప్రశ్నల కాగితం పట్టుకొచ్చాడు. ఏ రకంవాళ్లను ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో కింద రాసి ఉందట. అది ఇంగ్లీషులో ఉంది, ఆయన హిందీలో చదివి మా జవాబులు రాసుకున్నాడు.

జనం మధ్య ఉండటం ఇష్టమా, ఒంటరిగా ఉండటం ఇష్టమా అన్నది ఒక ప్రశ్న. గుర్మీత్‌ది ఉమ్మడి కుటుంబం, ఇల్లు ఒకే గది. "ఒంటరిగా ఉంటే ఎలా ఉంటుందో ఇంకా చూడలేదు సాహెబ్. చూశాక చెబుతాను" అంది. ఆయన ఆ గడి ఖాళీగా వదిలేశాడు.

వనజకు మనుషులతో మెలిగే పని ఇవ్వాలని వచ్చింది. అది నిజమే. కొన్నేళ్ల తరవాత ఆమెను సెంటర్‌కు పని ఇచ్చేవాళ్లు వచ్చే కౌంటర్‌లో కూర్చోబెడితే అక్కడ ఇంకా బాగా రాణించింది. నాకేం వచ్చిందో ఆయన చాలాకాలం చెప్పలేదు. మనుషుల మీద పెత్తనం ఇవ్వకూడని రకమట. అందులోనూ కొంత నిజం లేకపోలేదు. సుగుణకు మాత్రం చెప్పినట్టు వినే రకం, పద్ధతి దాటని రకం, పంచింగ్‌కు పుట్టిన మనిషి అని వచ్చింది. మరి సుబేదారు కూతురు ఏం జవాబిస్తుంది? పొద్దున్నే లేస్తావా అంటే లేస్తాననే చెప్పింది. పెద్దల మాట వింటావా అంటే వింటాననే చెప్పింది. ఇంట్లో ఎలా పెంచారో అది కాగితం మీదికి వచ్చింది. స్వభావం కాగితం మీదికి రాదు. ఎవరూ ఏమీ చెప్పని చోట మనిషి ఏం చేస్తుందో చూస్తేనే అది బయటపడుతుంది.

ఇంటిపేర్లు

ఒక ఉద్యోగ పరీక్షకు దేశమంతటినుంచీ వచ్చిన దరఖాస్తులు మా సెంటర్‌కు వచ్చాయి. మా కార్డుల నుంచే హాల్‌టికెట్లు అచ్చవుతాయి. దక్షిణాది కట్టలు విప్పితే తెలుగు పేర్లు ఒక్కోటి గడుల చివరిదాకా ఉన్నాయి. అవి తెలుగు అమ్మాయిలకే ఇస్తే తడుముకోకుండా కొడతారు కదా అని భాటియా సాహెబ్ అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. సుగుణ పంచ్ చేసింది, వనజ వెరిఫై చేసింది. ఎర్రదీపం వెలగడమే అరుదు. ఇంత శుభ్రంగా ఏ కట్టా రాలేదని ఆయన అందరి ముందూ మెచ్చుకున్నాడు.

హాల్‌టికెట్లు వెళ్లాయి. ఢిల్లీలో గదులు అద్దెకు తీసుకుని చదువుకునే మన కుర్రాళ్లు కొందరు ఆ పరీక్ష రాస్తున్నారు. వాళ్లు టికెట్లు పట్టుకుని పరీక్ష జరిపేవాళ్ల ఆఫీసుకు వెళ్లారు. సర్టిఫికెట్ మీద యెర్రంశెట్టి వెంకటరమణ, టికెట్ మీద వెంకటరమణ యెర్రంశెట్టి. పేరు కలవకపోతే లోపలికి రానివ్వమని టికెట్ కిందే అచ్చేసి ఉంది. ఏళ్ల తరబడి చదివి గుమ్మం దగ్గర ఆగిపోవాలా అని వాళ్ల ఏడుపు.

ఆ ఆఫీసు నుంచి భాటియా సాహెబ్‌కు గట్టిగా ఫోను వచ్చింది. పరీక్షలోపు కొత్త టికెట్లు పంపాలి. ఈ పని చేసిన మనిషిని తీసెయ్యాలి. లేకపోతే ఫలితాల పని ఇంకొకరికి ఇస్తామన్నారు.

సుగుణది తాత్కాలిక ఉద్యోగం. తీసెయ్యడానికి ఒక సంతకం చాలు. వాళ్ల నాన్న రిటైరయ్యే రోజు దగ్గరపడింది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఈ పిల్ల జీతం చూసుకునే జనక్‌పురిలో ఇల్లు వెతుకుతున్నారు. అదంతా నాకు తెలుసు.

ఇద్దరినీ పిలిచి ఫారాలు, కార్డులు ముందు పెట్టాను. ఫారంలో మొదటి గడి పేరు, రెండో గడి ఇంటిపేరు. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాసే అలవాటు కొద్దీ దాన్ని మొదటి గడిలో రాసేశారు. కార్డులో అది రెండో గడిలోకి మారింది.

"ఎందుకు మార్చావు?" అని సుగుణను అడిగాను.

"మార్చలేదు దీదీ, సరిచేశాను. రెండో గడిలో ఇంటిపేరు రాయమని ఫారంలోనే ఉంది. యెర్రంశెట్టి అని ఎవరైనా పిల్లాడికి పేరు పెడతారా?"

వనజ వైపు చూశాను. "నేనూ అలాగే కొట్టానక్కా. దీపం వెలగలేదు. వెలగలేదంటే ఒప్పే కదా అనుకున్నాను" అంది.

వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. రోజంతా మాట్లాడే వనజ ఆ ఒక్క సంగతీ మాట్లాడలేదు. మాట్లాడాల్సిన విషయమని ఇద్దరికీ తోచలేదు. ఏ పంజాబీ పిల్లకూ, ఏ బెంగాలీ పిల్లకూ తెలియని సంగతి ఇద్దరికీ పుట్టుకతో తెలుసు. అందుకని ఇద్దరూ ఒకే చోట ఒకే తప్పు చేశారు.

నేను ఇంకో ఫారం తీసి సుగుణ ముందు పెట్టాను. మొదటి గడిలో శ్రీనివాస్, రెండో గడిలో భీమరాజు. కార్డులో అవి తారుమారయ్యాయి.

"భీమరాజు పేరే కదా దీదీ. ఇతనూ మిగతావాళ్లలాగే తిరగేసి రాశాడనుకున్నాను" అంది.

"మా ఊరివైపు అది ఇంటిపేరు. ఈ అబ్బాయి ఫారం అడిగినట్టే రాశాడు. నీ తెలివితో ఆ ఇంటిపేరు పీకి పేరు చేశావు."

వనజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. సుగుణ ఏడవలేదు. రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. తరవాత తల ఎత్తి, "మరి దీదీ, ఏది పేరో ఏది ఇంటిపేరో నాకే తెలియకపోతే కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? దానికి రెండు గడులు ఎందుకిచ్చారు?" అంది.

ఉద్యోగం పోబోతోంది. క్షమించమని ఒక్క మాట లేదు. అడిగింది ఇదీ. నాకు ఒళ్లు మండిపోయింది. వెళ్లి కూర్చోమని గదమాయించాను. కానీ ఆ పిల్ల వెళుతుంటే, ఈమె కూర్చున్న కుర్చీయే తప్పు కుర్చీ అని నాకు స్పష్టంగా తెలిసింది.

గుర్మీత్‌కు తెలుగు రాదు

ఆ కట్టలన్నీ మళ్లీ వెరిఫై చెయ్యాలి. ఎవరికిద్దామని భాటియా సాహెబ్ అడిగితే గుర్మీత్‌కన్నాను. ఆ అమ్మాయికి తెలుగు పేర్లు పలకడమే రాదు కదా అన్నాడు. అందుకేనన్నాను.

గుర్మీత్ పేరు చదవలేదు, అక్షరాలు చదివింది. వై, ఈ, ఆర్, ఆర్ అని ఒక్కొక్కటే పైకి అంటూ కొట్టింది. "దీదీ, ఇది పేరా, రైలుబండా? ఇంజను వెళ్లిపోయింది, పెట్టెలు ఇంకా వస్తున్నాయి" అని విసుక్కుంది. కానీ తారుమారైన ప్రతి కార్డు దగ్గరా ఎర్రదీపం వెలిగింది. సుగుణ పక్కన కూర్చుని ఆ కార్డులు కొత్తగా కొట్టింది. ఈసారి గడిలో ఏముంటే అదే. పరీక్షలోపు టికెట్లు చేరాయి, పిల్లలు రాసుకున్నారు.

అప్పటినుంచి నా సెక్షన్‌లో ఒక నియమం పెట్టాను. ఒకే భాష మాట్లాడే ఇద్దరికి, కలిసి డబ్బా విప్పుకుని తినే ఇద్దరికి, ఒకే కట్ట ఇవ్వను. మీ పనిలో కార్డులు లేకపోయినా ఇది పనికొస్తుంది. మీ పని చూసిపెట్టే మనిషి ప్రతిసారీ నేనూ ఇదే అనుకున్నాను అంటుంటే సంతోషించకండి. వేరే మనిషిని వెతుక్కోండి.

పైకి పంపడం

టికెట్ల పని అయ్యాక భాటియా సాహెబ్ నన్ను గదిలోకి పిలిచాడు. సుగుణను తీసేస్తున్నట్టు కాగితం టైపు చేయించి పెట్టుకున్నాడు, సంతకం పెట్టలేదు. పక్కన ఆ ప్రశ్నల కాగితం తెరిచి ఉంది. పద్ధతి దాటని అమ్మాయి అని వచ్చిందే, ఎలా ఇలా జరిగిందని నిజంగా బాధపడుతున్నాడు.

మీ కాగితం అబద్ధం చెప్పలేదన్నాను. ఆ పిల్ల ఫారం చెప్పిన పద్ధతే పట్టుకుంది, మన పద్ధతి వదిలేసింది. ఎవరూ చెప్పకుండా ఎందుకు, ఎలా అని అడగడం ఆమె గుణం. అది నా గదిలో రోగం, పై అంతస్తులో అదే జీతమిచ్చే పని. పై అంతస్తులో ప్రోగ్రామర్లు ఉండేవారు.

"సుభద్రాజీ, మీరు ఆమెను ఉంచమంటున్నారా, తీసెయ్యమంటున్నారా?"

"నా సెక్షన్‌లో వద్దంటున్నాను. పైకి పంపమంటున్నాను."

పైన ఉన్నవాళ్లంతా డిగ్రీలవాళ్లు, ఈమెది ఇంటర్ అన్నాడు. ప్రోగ్రామర్లను తీసుకునే ముందు ఒక పరీక్ష పెట్టేవారు. అంకెల వరస ఇచ్చి తరవాత ఏం వస్తుందో అడిగేది. అది రాయించండి, తప్పితే మీ కాగితం మీద సంతకం పెట్టండి, నేను అడ్డం రానన్నాను. ఒప్పుకున్నాడు. పరీక్షవాళ్ల ఆఫీసుకు మాత్రం, ఆ అమ్మాయి ఇక మా పంచింగ్‌లో ఉండదు అని రాశాడు. అందులో అబద్ధం లేదు.

సుగుణ ఆ పరీక్ష రాసింది, గట్టెక్కింది. ట్రైనీగా తీసుకున్నారు. ఇచ్చిన గడువులో ఒక ప్రోగ్రాం సొంతంగా రాసి నడిపిస్తే ఉంచుతారు, లేకపోతే లేదు.

బదిలీ కాగితంలో కారణం దగ్గర, పంచింగ్ పనికి తగదు అని రాయమన్నాను. భాటియా సాహెబ్ కలం ఆపేశాడు. చిన్నపిల్ల ఫైలు పాడుచెయ్యడమెందుకు, కోరిక మీద బదిలీ అని రాద్దామన్నాడు. అలా రాస్తే సూపర్‌వైజర్‌గా నేను సంతకం పెట్టనన్నాను. చివరికి నేను చెప్పినట్టే రాశాడు.

ఆ కాగితం తీసుకుని సుగుణ నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ రోజు మొహం ఎర్రబడి ఉంది. "ఇంత మాట రాయాల్సిందా దీదీ? నాన్నగారికి ఎలా చూపించను?" అంది.

చూపించకు అన్నాను. అంతకుమించి చెప్పలేదు. చెబితే పై అంతస్తంతా పాకుతుంది, పాకితే ఆ కాగితానికి బలం ఉండదు. ఆ తరవాత ఆమె మధ్యాహ్నం డబ్బా పట్టుకుని మా గదికి రావడం మానేసింది. మెట్ల మీద ఎదురైతే నమస్తే చెప్పి తల దించుకుని పోయేది.

ఇంతలో ఫలితాల పని వచ్చింది. ఫారాల మూటలు గోడంత ఎత్తు లేచాయి. ఏటా ఆ రోజుల్లో మా సెంటర్‌లో ఒక అలవాటు ఉండేది. పైన ఉన్నవాళ్లలో పంచింగ్ తెలిసినవాళ్లందరినీ నాలుగు రోజుల కోసమని కిందికి దించేవారు. ఆ నాలుగు రోజులు నెలలయ్యేవి. వాళ్లు సగంలో వదిలిన పని ఇంకొకరు పూర్తిచేసి పేరు తెచ్చుకునేవారు. నా దగ్గరినుంచి పైకి వెళ్లిన అమ్మాయిలు అలా కిందికొచ్చి, మళ్లీ పైకి పోలేక, నా దగ్గరే ఉండిపోయారు. చెడ్డతనంతో ఎవరూ దించలేదు. వేళ్లు వచ్చిన మనిషి ఎదురుగా ఉంటే, పని మీద పడినప్పుడు ఎవరికైనా ఆ వేళ్లే కనిపిస్తాయి.

ఈసారీ గుమాస్తా ఫైళ్లు తిరగేసి, పంచింగ్ తెలిసిన ట్రైనీలను దించాడు. ఇద్దరు అమ్మాయిలు మొహాలు వేలాడేసుకుని వచ్చి మెషీన్ల ముందు కూర్చున్నారు. సుగుణ ఫైలు తెరిచి, చదివి, పక్కన పెట్టేశాడు.

టీ వేళకు సుగుణ తనే దిగి వచ్చింది. కంప్యూటర్ గది చలికి వేసుకున్న స్వెటర్ ఇంకా ఒంటి మీదే ఉంది. ప్రోగ్రాం సగంలో ఉందని, గడువు దగ్గరపడిందని నాకు తెలుసు.

"అందరినీ పిలిచారట దీదీ. నన్నెందుకు పిలవలేదు? ఒక కట్ట ఇవ్వండి, కొట్టిపెట్టి పోతాను."

"నువ్వు పంచింగ్‌కు తగవని రాసి ఉంది. నీకు కట్ట ఎలా ఇస్తాను?"

ఆమె మెషీన్ల ముందు కూర్చున్న ఆ ఇద్దరు ట్రైనీల వైపు చూసింది. వాళ్లలో ఒకతె పైన వదిలి వచ్చిన తన ప్రోగ్రాం కాగితాలు ఒళ్లో పెట్టుకుని మరీ కొడుతోంది. సుగుణ అది చూసి, నా వైపు తిరిగింది.

"దీదీ, ఆ మాట మీరు..."

"పని నడుస్తోంది, ఇక్కడ మాట్లాడకూడదు" అన్నాను. "పైకి పో."

పోయింది. మెట్లు రెండేసి ఎక్కుతున్న చప్పుడు మా గదిలోకి వినబడింది.